రెండు వీధుల విమానం

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు నూకరాజు పొద్దున్నే కారు తెచ్చి వాకిట్లో పెట్టి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. దిగి తలుపు తట్టే అలవాటు వాడి తరానికి లేదు. స్టవ్ మీద పాలు పొంగుకొస్తున్నాయి, నా మోకాళ్లు రెండూ మొరాయిస్తున్నాయి. బడిలో తెలుగు పంతులమ్మగా నిలబడి నిలబడి అరగ్గొట్టుకున్న మోకాళ్లవి. "అత్తా, బేగి రా, నీకొకటి సూపిత్తాను" అంటాడు. ఏమిటో చెప్పడు, వద్దంటే వినడు. వాడి తండ్రి, అంటే మా తమ్ముడు, స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన మనిషి. నోట్లోంచి మాట రావాలంటే కొలిమిలోంచి ఇనుము తీసినంత పని. వీడు మాత్రం ఎక్కినప్పుడు తెరిచిన నోరు ఆనందపురం కూడలిలో లారీల వెనక గంటసేపు ఇరుక్కుపోయినా మూయలేదు. ప్లాట్ల వ్యాపారం చేసేవాడికి నోరే పెట్టుబడి కాబోలు. తగరపువలస దాటాక రోడ్డు పక్కన ఒకచోట ఆపి, అద్దం దించి, దూరంగా చెయ్యి చూపించాడు. నాకు కనిపించింది ఎర్రమట్టి, రంగుజెండాలు పాతిన ఖాళీ స్థలాలు, వాటి మధ్య దారి తప్పినట్టు నిలబడ్డ ఒక గేదె.

"ఇదేట్రా?" అన్నాను.

"ఎయిర్‌పోర్టు అత్తా, కొత్తది. ఆ ఎనకాలంతా అదే. ఇక్కడ వైడ్ బాడీలు దిగుతాయట. లోపల రెండు నడవలుంటాయి సూడు, ఆ పెద్ద ఇమానాలు. ఇంక హైదరాబాదు ఎల్లక్కర్నేదు, బొంబాయి ఎల్లక్కర్నేదు. ఏ దేశంనుంచైనా డైరెక్టుగా మన ఇంటిముందర దిగీడమే."

"మన ఇంటిముందర మురిక్కాలవ ఉందిరా," అన్నాను.

వాడికి హాస్యం అంటదు. గేదె వైపు చూస్తూ నిట్టూర్చి, "ఇదే గాని అప్పుడుండుంటే తాత టయానికి వచ్చీవోడు కదత్తా. పాపం ముసల్ది అలగ ఐసు మీద పడుండాల్సిన కర్మ పట్టకపోను," అన్నాడు. నేను ఇంకా తేరుకోకముందే, "ఈ ముక్క నాను కస్టమర్లందరికీ సెప్తాను. ఆడోళ్లయితే కళ్లు తుడుసుకుంటారు. అప్పుడే ప్లాటు బుక్కయిపోద్ది," అని కూడా అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు తాత అన్నది మా నాన్నను, ముసల్ది అన్నది వాడు పుట్టకముందే పోయిన మా నాయనమ్మను. ఆమె చావు ఒక ప్లాటు అమ్ముకోవడానికి పనికొచ్చే కథ అయిందని నాకు అప్పటిదాకా తెలియదు. అక్కడే తిట్టాను, దారంతా తిట్టాను. "నానేటి అబద్ధం సెప్పినానా?" అంటాడు. అబద్ధం కాదు, అదే నా బాధ. అందులో ఉన్నవన్నీ జరిగినవే. విమానం పెద్దదే, ఐసు నిజమే, నాన్న ఆలస్యమూ నిజమే. కానీ వాడు చెప్పే తీరులో తప్పంతా రన్‌వేది అయిపోతుంది. రన్‌వే ఇంకాస్త పొడుగుంటే మా ఇంట్లో దుఃఖమే ఉండేది కాదన్నట్టు. అందుకే, కస్టమర్లకు కాకపోయినా, ఎవరికో ఒకరికి సరిగ్గా చెప్పాలని కూర్చున్నాను.

మాది సముద్రం ఒడ్డున జాలరి పేట. ఒక్కటే వీధి, దాని ఒక కొస ఇసుకలో, ఇంకో కొస పట్నం వైపు. పేటలో మగవాళ్లంతా వేటకు వెళ్తే మా నాన్న ఓడ ఎక్కాడు. పోర్టులో ముడి ఇనుము నింపుకుని దేశాలు తిరిగే పెద్ద ఓడల్లో డెక్కు మీద పని. అలాంటి వాళ్లను మా వైపు కలాసీలనేవారు. కలాసీ ఇల్లు వాసనతోనే తెలిసిపోయేది. మిగతా ఇళ్లలో ఎండుచేప వాసన ఒక్కటే అయితే, మా ఇంట్లో దానికి తోడు ఓడరంగు వాసన, కిరసనాయిలు వాసన, నాన్న తెచ్చిన పరాయి సబ్బు వాసన. ఆ సబ్బును అమ్మ వాడనిచ్చేది కాదు, చీరల మధ్య పెట్టేది. పండక్కి చీర తీస్తే అదీ ఎండుచేప, సబ్బు కలిసిన ఒక చిత్రమైన వాసన వేసేది. ఇప్పటికీ ఏ పెద్ద దుకాణంలోనైనా సబ్బుల వరస దగ్గరకు వెళ్తే నాకు ఎండు నెత్తళ్లు గుర్తొస్తాయి. ఎవరికి చెప్పుకోను?

ఆ రోజుల్లో నాన్న ఓడతో వెళ్లి ఓడతోనే వచ్చేవాడు. ఎప్పుడొస్తాడో మాకు తెలియదు, ఓడకే సరిగా తెలియదు. నాయనమ్మ మాత్రం తెల్లారి చేపల తట్ట నెత్తిన పెట్టుకునే ముందు ఒడ్డున నిలబడి, బయట లంగరేసి ఉన్న ఓడల పొగగొట్టాల రంగులు చూసేది. నాన్న ఓడ రంగు కనిపిస్తే ఇంటికొచ్చి, అమ్మతో ఏమీ చెప్పకుండా, నెత్తళ్లు కాదు సొర్ర కాదు, ఖరీదైన వంజరం ముక్కలు కోయడం మొదలుపెట్టేది. అలా తెలిసేది మాకు. ఓడ లోపలికి రావడానికి ఇంకా రోజులు పట్టేది. ఆ లోపల అమ్మ ఇల్లు అలికేది, నాకు తలంటేది. నాన్న వచ్చేసరికి చెవుల్లో ఎర్రదుమ్ముతో, నిదానంగా, అప్పటికే సగం ఇంటిమనిషై వచ్చేవాడు. దారి పొడుగునా ఓడ మీద నెలల తరబడి వస్తూ వస్తూ మనిషి మా వైపు తిరిగేవాడనుకుంటాను. వచ్చి గడపలో కాళ్లు కడుక్కుంటూనే, "పుంత దగ్గర కొళాయి వేసినారేటి?" లాంటి ప్రశ్న అడిగేవాడు, నిన్ననే వెళ్లినట్టు.

కలాసీల ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఓడ ఎక్కే రోజు పొద్దున మగవాడు విడిచిన చొక్కాను ఇంట్లో ఆడవాళ్లు ఉతికేవారు కాదు. దండేనికి వేసి వదిలేసేవారు. చిన్నప్పుడు నేను అది మా అమ్మ బద్ధకం అనుకున్నాను. కాదు. పేటలో ఒక మాట ఉండేది, నీటి మీదున్నోడి కోసం నేల మీద శవం ఆగకూడదని. ఇంట్లో ఎవరైనా పోతే, కొడుకు నీటి మీద ఉంటే, ఆ ఉతకని చొక్కాను కొరివి పెట్టేవాడి భుజాన వేసేవారు. చొక్కా వచ్చిందంటే కొడుకు వచ్చినట్టే. మా తాత పోయినప్పుడు అలాగే జరిగింది. చిన్నాన్న భుజాన నాన్న చొక్కా వేసుకుని పని పూర్తి చేశాడు. నాన్న ఎన్నో నెలలకు వచ్చాడు. నాయనమ్మ ఆయనకు అన్నం పెట్టింది, పడుకోనిచ్చింది, మర్నాడు మళ్లీ అన్నం పెట్టి అప్పుడు చెప్పింది. నాన్న ఒడ్డుకు వెళ్లి చాలాసేపు కూర్చుని వచ్చాడు. అంతే. ఆ నెలలన్నీ ఆయన లెక్కలో తాత బతికే ఉన్నాడు కదా అని నాకు ఇప్పుడనిపిస్తుంది.

ఇక ఈ పెద్ద విమానం సంగతి. అంతకుముందు కూడా విమానాలుండేవి. సన్నగా, మధ్యలో ఒకటే నడవతో, దొరలూ కంపెనీ పెద్దలూ ఎక్కేవి. కలాసీకి వాటితో పనేమిటి? తర్వాత ఎవడో మహానుభావుడు పొట్ట వెడల్పు చేసి జంబో అని తయారుచేశాడు. చేశాక చూసుకుంటే లోపల అన్ని సీట్లకు సరిపడా దొరలు దొరకలేదు. సీటు ఖాళీగా ఎగిరితే నష్టం కాబట్టి టిక్కెట్టు దించారు, దించాక మాలాంటి వాళ్లను కూర్చోబెట్టారు. ఓడల కంపెనీలకు అదొక వరమైంది. ఓడను మనుషుల కోసం ఇంటిదాకా తేనక్కర్లేదు. ఓడ ఎక్కడుంటే అక్కడికి మనుషులను గంపగుత్తగా పంపొచ్చు, పాతవాళ్లను గంపగుత్తగా వెనక్కి తెప్పించొచ్చు. ఇంకేముంది, అందరూ సంబరపడ్డారు. "ఇంక మీ ఆయన నెల్లాళ్లు సముద్రంలో నానక్కర్నేదు, పొద్దున్నెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు" అని మా అమ్మతో పేటంతా చెప్పింది. అమ్మ నమ్మింది. జరిగింది వేరు. నాన్న ఎక్కే ఓడలు మా రేవుకు రావడమే మానేశాయి. పొగగొట్టం రంగు చూసే పని నాయనమ్మకు లేకుండా పోయింది. ఒడ్డున నిలబడే అలవాటు మాత్రం పోలేదు. నిలబడేది, చూసేది, తట్ట ఎత్తుకునేది. దూరం తగ్గిందన్నారు. మా ఇంటికి మాత్రం నాన్న అంతకుముందు కంటే తక్కువగా వచ్చేవాడు, ఎందుకంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపేయొచ్చు కదా, తొందరేముంది అని వాళ్ల లెక్క. తీరా వచ్చినా ముందు మాటా మంతీ లేకుండా ఊడిపడేవాడు. మనిషి వచ్చేవాడు, ఆ మనిషిలో ఏదో ఇంకా రాకుండా వెనక మిగిలిపోయేది. పగలు నిద్ర, పిల్లలను పరాయివాళ్లలా చూడటం, పలకరిస్తే ఉలిక్కిపడటం. కాస్త మాలో కలిసేసరికి మళ్లీ పిలుపు.

ఆ విమానం ఎలా ఉంటుందో మొదటిసారి ఎక్కి వచ్చినప్పుడు నాన్న వాకిట్లో కూర్చుని చెప్పాడు. పేట సగం మా గుమ్మంలోనే ఉంది. "లోపల రెండు ఈధులుంటాయి. ఈ ఈధికి ఇటో వరస, ఆ ఈధికి అటో వరస, మద్దిలో ఇంకో పెద్ద వరస. ఈ ఈధిలో ఉన్నోళ్లకి ఆ ఈధిలో ఎవులున్నారో తెల్దు" అన్నాడు. నడవ అనే మాట ఆయనకు తట్టలేదు, తట్టిన మాట చెప్పాడు. మా మేనత్త పోలమ్మ, నాన్నకు అక్క, నోటికీ మనిషికీ కూడా పేటలో తిరుగులేనిది, ఆ మాట పట్టుకుంది. "రెండు ఈధులే! మరి కొళాయిలు?" అంది. ఉన్నాయన్నాడు నాన్న. "వంటిల్లు?" ఉందన్నాడు. "మరుగుదొడ్డి?" చాలా ఉన్నాయన్నాడు. మన పేటలో ఒక్కటీ లేదు, ఎగిరేదాంట్లో ఉన్నాయట అని అత్త బుగ్గలు నొక్కుకుంది. నాయనమ్మ మాత్రం అందరూ వెళ్లాక, "అంతమందిని ఎత్తుకుని ఎగరడం ఏలారా, ఎవుల దార్లో ఆళ్లు ఎల్లక" అని విసుక్కుంది. నేను ఆమె మనవరాలినే, సందేహం లేదు.

ఆమె మంచాన పడింది ఎండలు ముదరక ముందు. తట్టతో వెళ్లి రైల్వే క్వార్టర్ల దగ్గర కూలబడితే ఎవరో రిక్షాలో తెచ్చి దింపారు. ఆయాసం. రెండు తలగడలెత్తి పెట్టినా ఊపిరి అందేది కాదు. చిన్నాన్న పోర్టు దగ్గర ఓడల ఏజెంటు ఆఫీసుకు పరిగెత్తి, ఓడకు వైర్‌లెస్ పంపమని కాళ్లావేళ్లా పడ్డాడు. నాయనమ్మకు ఆ సంగతి తెలిసి మండిపడింది. "ఓడ మద్దిలో దిగిపోతే ఆడి ఉజ్జోగం ఏటైపోవాల? నాకేటైనా ఆగకండి. సొక్కా ఉంది కదా" అంది. నా చెవులతో విన్నాను. అత్త కూడా విన్నది. విని, "నువ్వూరుకో అమ్మా, ఆడు వచ్చేత్తన్నాడు" అంది. అప్పటికి ఎవరూ రావడం లేదు. తర్వాత నిజంగానే టెలిగ్రాంలో కబురొచ్చింది, ఎక్కడో చలిదేశం రేవులో నాన్నను దింపి జంబో ఎక్కిస్తున్నారని. ఆ టెలిగ్రాం వచ్చిన పొద్దునే, ఇంటి ముందు సైకిలు దిగిన మనిషిని చూసి అమ్మ బయటికి వెళ్లిన కాసేపట్లో, లోపల నాయనమ్మ పోయింది.

అప్పుడు మొదలైంది అసలు రభస. ఏడుపులు ఒక పక్క సాగుతూనే ఉన్నాయి, ఇంకో పక్క పేట పెద్దలు అరుగు మీద చేరారు. కులపెద్ద నెమ్మదైన మనిషి, ఎన్ని చావులు చూశాడో.

"ఆడు ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగాడు.

"ఇమానంలో ఉన్నాడు పెద్దయ్యా," అన్నాడు చిన్నాన్న.

"ఇమానం ఎక్కడుంది?"

"సముద్రం మీదుంటాది."

"అయితే నీటి మీదున్నట్టే. దండెం మీద సొక్కా తియ్యండి."

సరిగ్గా అక్కడ మా అత్త లోపలినుంచి జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "నీటి మీదెలగుంటాడు పెద్దయ్యా? ఇమానానికి నీరు తగుల్తాదేటి? దాంట్లో రెండు ఈధులున్నాయని మా తమ్ముడే సెప్పినాడు. మీరందరూ ఇన్నారు. కొళాయిలున్నాయి, వంటిల్లుంది. రెండు ఈధులున్నది ఊరవుతాది గాని పడవవుతాదేటి? ఆడు ఊర్లో ఉన్నాడు. ఊర్లో ఉన్న కొడుకు రాకుండా ఏ తల్లినైనా ఈ పేటలో ఎత్తినామా?"

కులపెద్ద మిగతా పెద్దల వైపు తిరిగాడు. పేట మొత్తానికి ఉన్నదే ఒక్క వీధి, మరి రెండు వీధులున్నదాన్ని ఊరు కాదని ఎవరనగలరు? ఒకాయన మాత్రం, "ఊరయితే కదలదు కదమ్మా" అని సణిగాడు గానీ అత్త చూపు తగిలి ఆగిపోయాడు. తరతరాలుగా చావు చూసిన వాళ్లు, ఏ సుడిగుండానికైనా ఒక పద్ధతి పెట్టుకున్న వాళ్లు, గాల్లో ఉన్నవాడిని నీటి లెక్కలో రాయాలో నేల లెక్కలో రాయాలో తేల్చలేక చేతులెత్తేశారు. నాకేటైనా ఆగకండని నాయనమ్మ ఆయాసంతో అన్న మాట అమ్మ చెప్పబోయింది. "కోడలికి తొందరగా ఉందేటి?" అన్నది అత్త. అమ్మ చెప్పకుండానే లోపలికి వెళ్లిపోయింది. నాకు ఈ రోజుకీ ఆ అరుగు గుర్తొస్తే పళ్లు పటపటలాడతాయి. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అత్త తమ్ముడి మీద ప్రేమతోనే అన్నది. తల్లి ముఖం చూడకపోతే వాడి గుండె పగిలిపోతుందని ఆమె భయం. ప్రేమ పట్టిన పట్టు అంత తేలిగ్గా విడవదు.

ఆగడమంటే ఎలా ఆగాలో ఎవరికీ తెలియదు, అంతకుముందు ఆగి ఉంటే కదా. ఎండ ఎక్కుతోంది. చివరికి చిన్నాన్నే ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి దిమ్మలు తెచ్చాడు, గోనెల్లో, ఊకలో, రిక్షా మీద. రొయ్యలకు వాడే ఐసు. మా నాయనమ్మ జన్మలో ఐసు చేప ముట్టని మనిషి. "ఐసులో ఎట్టిన సేప సచ్చినాక రెండోసారి సచ్చిపోద్ది" అని కొనేవాళ్ల ముందే అనేది, పక్క తట్ట ఆవిడతో తగాదాలు పెట్టుకునేది. అలాంటి మనిషి చుట్టూ సుత్తితో పగలగొట్టిన రొయ్యల ఐసు పేర్చారు. సాంబ్రాణి వేశారు. కరిగిన నీళ్లు గడప దాటి ఇసుకలోకి పోతున్నాయి, ఎక్కడినుంచి వచ్చాయో పిల్లులు వచ్చాయి. అమ్మ బట్టతో అద్దుతుంది, పిండుతుంది, మళ్లీ అద్దుతుంది. "బతికున్నన్నాళ్లూ నాసేత నీళ్లు మోయించినాది, ఇప్పుడూ మోయిత్తంది" అని తనలో తను అనుకుని, అన్నాక ఏడ్చింది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక పిల్లులను తోలుతూ కూర్చున్నాను.

చిన్నాన్న ఏజెంటు ఆఫీసుకూ ఇంటికీ కాళ్లరిగేలా తిరిగాడు. ట్రంకు కాల్‌లో కబురు, "బొంబాయిలో దిగీసినాడట!" అత్త దిగ్గున లేచి, "సూసినారా! నానేటన్నాను?" అంది. మేము నిద్రపోయి లేచేలోపు సగం ప్రపంచం దాటి వచ్చాడు, ఇక బొంబాయి ఎంత? ఇదిగో, ఇక్కడే నూకరాజు కస్టమర్లు కళ్లు తుడుచుకునేది. చేతిదాకా వచ్చిన ముద్ద నోటికి అందలేదు. ఆ పెద్ద విమానం మా ఊళ్లో దిగదు, మా ఊరి విమానం చిన్నది, అది రోజూ ఎగరదు, ఎగిరిన రోజున సిఫారసు లేనివాడికి సీటు లేదు. నాన్న రైలెక్కాడు. హైదరాబాదులో మారాడు. రైలు ఎక్కడో గంటల తరబడి ఆగింది. మహాసముద్రాలు దాటడానికి పట్టినదాని కంటే బొంబాయినుంచి మా ఊరి వాల్తేరు స్టేషనుకు రావడానికి ఎక్కువ పట్టింది. ఇంకో రిక్షా ఐసు వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. ఊరంతా వచ్చి చూసి వెళ్లింది, కొందరు నాయనమ్మను, కొందరు ఐసును. రెండో రోజుకి కులపెద్ద అరుగు మీంచి లేచి, "అమ్మా పోలమ్మా, ఇంక ఈలుపడదు" అన్నాడు. అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. దండెం మీద చొక్కా అలాగే వేలాడుతోంది, దాని వంక చూసే ధైర్యం ఎవరికీ లేదు.

మొన్న నూకరాజుకు కారులో నేను చెప్పబోయింది ఇదే. వాడికి అర్థం కాలేదు. "అదే కదత్తా నాను సెప్తంది, ఇక్కడే దిగుంటే అంత ఆలీసం అవదు కదా" అంటాడు. ఇక్కడే దిగినా ఆమె పోయాకే దిగేవాడురా నాయనా. తగ్గేది ఐసు ఒక్కటే. ఇప్పుడైతే ఆ బాధ కూడా లేదు, అద్దాల పెట్టె అద్దెకొస్తుంది, ప్లగ్గు పెడితే చాలు. మా వీధిలో ఎవరు పోయినా మొదటి ప్రశ్న, "ఎవులు రావాలి?" ఎవరో ఒకరు ఎప్పుడూ గాల్లోనే ఉంటారు. కుర్రాళ్లు ఫోనులో చిన్న విమానం బొమ్మ కదలడం చూస్తూ "మస్కట్ దాటీసినాడు" అని చెప్తుంటారు, శవాన్ని పెట్టిన పెట్టె పక్కనే గుర్రుమంటుంటుంది. రావడం వీలైన దగ్గర్నుంచి, రాకపోవడం నేరమైపోయింది. ఆగడం వీలైన దగ్గర్నుంచి, ఆగకపోవడం పాపమైపోయింది. ఉతకని చొక్కాతో గడిచిపోయిన ఇళ్లే అవన్నీ. ఆ చొక్కా పద్ధతి గొప్పదని నేను ఊరేగించడం లేదు, అందులోనూ ఏడుపుంది. నెలల తర్వాత అన్నం తిన్నాక వినడం ఏం సుఖం? కానీ ఆ ఏడుపును ఏం చేసుకోవాలో మా వాళ్లకు తెలిసేది. రెండు వీధుల విమానం తెచ్చిన ఏడుపును ఏం చేసుకోవాలో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. ఇప్పటికీ ఎవరికైనా తెలుసని నాకు నమ్మకం లేదు.

నాన్న మధ్యాహ్నం ఎండలో రిక్షా దిగాడు. ఒంటి మీద దళసరి ఉన్ని కోటు ఉంది, మెడదాకా బొత్తాలు పెట్టి ఉన్నాయి. చలిలో ఓడ దిగినవాడు దిగినట్టే వచ్చాడు, దారిలో విప్పాలని కూడా తోచలేదు. అంతమందీ రెండు పక్కలా తప్పుకుని దారిచ్చారు. అందరూ ఆయన పెడబొబ్బ కోసం ఎదురుచూస్తున్నారని నాకు తెలుస్తూనే ఉంది, నేనూ చూశాను. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. నాయనమ్మ ముఖం చూశాడు, కింద నీళ్లు చూశాడు, మళ్లీ ముఖం చూశాడు.

"ఎవులెట్టినారు ఈ ఐసు?" అన్నాడు. గొంతు మెల్లగానే ఉంది.

"నీకోసమే తమ్ముడా," అంది అత్త. "నువ్వు సూత్తావనే."

నాన్న వంగి, ఐసు ముక్కలు ఒక్కొక్కటీ చేత్తో తీసి పక్కకు వేయడం మొదలుపెట్టాడు. చిన్నాన్న సాయం వస్తే వద్దని మోచేత్తో తోశాడు. ముక్కలన్నీ తీశాక తడిసిన దుప్పటి కూడా తీసేసి, కోటు విప్పి ఆమె మీద మెడదాకా కప్పాడు, పసిపిల్లకు కప్పినట్టు చుట్టూ దోపాడు. ఆ తడిలోనే చతికిలబడి, ఆమె కుడిచెయ్యి తీసుకుని తన రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దుతూ కూర్చున్నాడు. చేపల తట్ట పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి. మధ్యమధ్య నోటి దగ్గరకు తీసుకుని ఆవిరి ఊదేవాడు, మళ్లీ రుద్దేవాడు. బయట మగవాళ్లు పాడె సిద్ధం చేసి నిలబడ్డారు. పొద్దు వాలుతోంది. కులపెద్ద లోపలికి వచ్చి, నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఎత్తుదుమా బాబూ?" అన్నాడు.

నాన్న తలెత్తలేదు.

"ఉండండి పెద్దయ్యా," అన్నాడు. "సెయ్యి ఇంకా ఏడెక్కనేదు."